ముళ్ళపందుల పక్షం

ఆ రోజుల్లో (మరీ పాతకాలం అనుకోకండి, ఇంట్లో కూర్చుని ఉద్యోగం చేయడం మా తిరువూరు దాకా వచ్చిన కొత్త) ఒడిలో లాప్‌టాప్ ఉన్న ప్రతి మనిషీ సాఫ్ట్‌వేరే. బీకాం అత్తెసరు మార్కులతో గట్టెక్కిన నేను కూడా మా వీధిలో సాఫ్ట్‌వేర్ అమ్మాయినే. ఎవరింట్లో టీవీ రాకపోయినా, ఎవరి ఫోను నిండిపోయినా నా దగ్గరికే తెచ్చేవాళ్ళు. నేనూ గంభీరంగా ఆపేసి మళ్ళీ ఆన్ చేసి ఇచ్చేదాన్ని. సగం సార్లు బాగయ్యేవి కూడా. ఇరవై రెండేళ్ళప్పుడు మనిషికి తెలిసింది తక్కువ, తెలుసన్న ధీమా ఎక్కువ. ఆ ధీమాని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, సిగ్గు మాత్రం రావడం లేదు. రావాలని మా అమ్మ ఇప్పటికీ ఎదురుచూస్తోంది.

నా అసలు ఉద్యోగం ఏంటో చెబితే మీరు కూడా మా అమ్మలాగే "మళ్ళీ చెప్పు" అంటారు. విజయవాడలో ఒక చిన్న కంపెనీ, అమెరికా వెబ్‌సైట్లకి ఏది కావాలంటే అది రాసిపెట్టేది. ఒకరికి కుక్కల ఆహారం మీద, ఒకరికి జుట్టు రాలడం మీద పని ఇచ్చారు. నాకు మాత్రం అమెరికా కాలేజీల ఫుట్‌బాల్ వచ్చింది. ఫుట్‌బాల్ అన్నారు కదా, గుండ్రటి బంతే అనుకుని ఇంటర్వ్యూలో ధైర్యంగా తల ఊపాను. తీరా చూస్తే ఆ బంతి పీచు తీయని కొబ్బరికాయలా ఉంది. దాన్ని కాలితో తన్నేది ఎప్పుడో ఒకసారి, మిగతా సమయమంతా చంకలో పెట్టుకుని పరుగెత్తడమే. పరుగెత్తేవాణ్ణి పదిమంది మీదపడి కింద పడేస్తారు. పడ్డవాడు లేచి దుమ్ము దులుపుకుని మళ్ళీ వరసలో నిలబడతాడు. మొదటి వారం నాకు ఎవరు ఎవర్ని ఎందుకు కొడుతున్నారో అర్థం కాలేదు. మూడో వారానికి మాత్రం అన్నం తినడం మానేసి చూసేంత పిచ్చి పట్టింది.

నా పని ఏంటంటే, ప్రతి శనివారం ఆటలకి ముందు ఏ కాలేజీ పక్షం రాయాలో తేల్చి, ఎందుకో వివరించడం. పక్షం అంటే గెలుపు కాదు. అక్కడే ఉంది తిరకాసు. ఒకరోజు అమ్మ గోరుచిక్కుళ్ళు తుంచుతూ "అసలేం రాస్తావే పొద్దస్తమానం?" అని అడిగితే, విడమరిచి చెప్పాను.

"ఇద్దరు ఆడతారమ్మా. ఒకడు బలవంతుడు, ఇంకోడు బక్కోడు. ఎవడు గెలుస్తాడో లోకమంతటికీ తెలుసు. అందుకని పందెం కాసేవాళ్ళు, బలవంతుడు ఇరవై నాలుగున్నర పాయింట్ల కన్నా ఎక్కువ తేడాతో గెలిస్తేనే లెక్క అంటారు. అంతకన్నా తక్కువ తేడాతో గెలిచాడనుకో, బక్కోడు నెగ్గినట్టు."

"ఓడిపోయినా?"

"ఓడిపోయినా."

"ఓడిపోయినోడు ఎట్టా నెగ్గుతాడే?" అని అమ్మ చిక్కుడుకాయ పక్కనపెట్టింది. "సరే, ఆ అర ఏంటి? ఆ ఆటలో అర పాయింటు వస్తుందా?"

"రాదు."

"రానిదాన్ని ఎందుకు పెట్టారు?"

"లెక్క సమానమైపోకుండా, ఎటో ఒకపక్క తేలడానికి."

అమ్మ నావైపు జాలిగా చూసి, "మీ నాన్నకి మాత్రం చెప్పకు" అంది. మా నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆపైన మా చర్చిలో సంఘపెద్ద. రెండు హోదాల్లోనూ ఆయనకి ఈ సంగతి మింగుడు పడదని అమ్మ భయం. అందుకని ఆయనకి "క్రీడా వ్యాసాలు" అని మాత్రమే చెప్పి ఉంచాం.

కంపెనీలో నా పైన ఒక టీమ్ లీడరు ఉండేవాడు. మా బృందంలో అందరం ఆయన్ని వెనకాల సేఫ్‌సైడ్ సార్ అనేవాళ్ళం. ఏ వాక్యమైనా ఆయన ఆ మాటతోనే ముగించేవాడు. ఆయన ఒక్క ఆట కూడా చూసి ఎరగడు. మిగతా వెబ్‌సైట్ల వాళ్ళు ఎవర్ని రాస్తే మనమూ వాళ్ళనే రాయాలి, అంతే ఆయన శాస్త్రం. "మనొక్కళ్ళం తప్పు రాస్తే తిడతారమ్మా. అందరితో కలిసి తప్పు రాస్తే ఎవరూ అడగరు. సేఫ్ సైడ్." నేను రెండు నెలలు బుద్ధిగా అలాగే రాశాను. తర్వాత ముళ్ళపందులు వచ్చాయి.

ఆ కాలేజీల అసలు పేర్లు మీకు అనవసరం. అక్కడ ప్రతి జట్టూ ఏదో ఒక జంతువు పేరు పెట్టుకుంటుంది కాబట్టి నేనూ అలాగే చెబుతాను. ఒకటి గద్దలు, లక్షమంది పట్టే స్టేడియం ఉన్న పెద్ద కాలేజీ. రెండోది ముళ్ళపందులు, ఎక్కడో కొండల్లో ఉన్న చిన్న కాలేజీ, ఆ ఏడాది ఓడిపోవడమే వృత్తిగా పెట్టుకున్న జట్టు. గద్దలు ఇరవై నాలుగున్నర పైన తేడాతో గెలుస్తాయని వెబ్‌సైట్లన్నీ ఒక్క గొంతుతో రాశాయి. కానీ నేను ముళ్ళపందుల ఓటములన్నీ కూర్చుని చూశాను (అంత ఓపిక వాళ్ళ సొంత ఊరివాళ్ళకైనా ఉందో లేదో). చూడగా చూడగా ఒక సంగతి అర్థమైంది. ఆట చివరికొచ్చేసరికి గెలిచే జట్టు తన పెద్ద ఆటగాళ్ళని కూర్చోబెట్టి నీళ్ళు తాగిస్తూ, చిన్నవాళ్ళని పంపుతుంది. అప్పుడు కూడా ముళ్ళపందులు, ఆట ఇప్పుడే మొదలైనట్టు పరుగెత్తుతాయి. ఎలాగూ ఓడిపోతామని తెలిసీ ఎందుకలా పరుగెత్తుతారో నాకు తెలియలేదు గానీ, వాళ్ళ మీద చెప్పలేనంత గౌరవం కలిగింది. ముళ్ళపందుల పక్షమే రాసి పంపేశాను.

పావుగంటలో సేఫ్‌సైడ్ సార్ ఫోను. మా ఇంట్లో సిగ్నల్ వరండాలోనే సరిగ్గా వస్తుంది కాబట్టి అక్కడికి వెళ్ళి మాట్లాడాను.

"ఏంటమ్మా ఇది? అందరూ గద్దలు రాస్తే నువ్వు ఇది రాశావేంటి? మార్చి పంపు."

"మార్చను సార్. నేను ఆటలు చూసి రాశాను. మీరు చూశారా?"

"నేను చూడాల్సిన పనేంటి? ఇది తప్పితే నిన్ను ఇల్లు తుడిచే మాప్‌ల మీద రాయడానికి వేస్తాను, చెబుతున్నా."

అప్పుడు నాకు ఎక్కడలేని పౌరుషం వచ్చింది. వీధి చివరిదాకా వినపడేలా, "వేసుకోండి సార్! పెడితే ముళ్ళపందుల మీదే పెడతాను! ఎవరేమనుకున్నా లెక్కలేదు!" అని అరిచి ఫోను పెట్టేసి తల తిప్పితే, గేటు దగ్గర స్కూటరు మీద మా చర్చి కమిటీ సెక్రటరీ అంకుల్. చర్చిలో జరిగే కోతపండుగకి కుర్చీల సంగతి మాట్లాడదామని నాన్న కోసం వచ్చాడట. కుర్చీల సంగతి ఎత్తకుండానే స్కూటరు తిప్పుకుని వెళ్ళిపోయాడు.

ఆయన తప్పేం లేదు. ఆయన మేనల్లుడు గంపలగూడెంలో ఉండేవాడు, ఫోన్లో క్రికెట్ పందాలు కాసి, కొత్తగా కొన్న బండి పోగొట్టుకుని, ఇంట్లో మొహం చూపించలేక కొన్నాళ్ళు ఎటో వెళ్ళిపోయాడు. అలాంటి మనిషికి నా కేక ఎలా వినపడి ఉంటుందో ఇప్పుడైతే అర్థమవుతుంది. అప్పుడు మాత్రం, సాయంత్రానికల్లా "మాస్టారి అమ్మాయి అమెరికా పందాలు ఆడుతోంది" అన్న మాట సంఘంలో సగం ఇళ్ళు తిరిగొచ్చేసరికి ఒళ్ళు మండిపోయింది.

నాన్న స్కూలు నుంచి వచ్చి చెప్పులు కూడా విప్పలేదు.

"పందాలు ఆడుతున్నావంటగా?"

"లేదు నాన్నా. ఎవరు నెగ్గుతారో నా అభిప్రాయం రాస్తున్నాను. ఒక్క పైసా పెట్టలేదు."

"నీ రాత చదివి ఇంకెవడో పెడతాడు కదా?"

జవాబు లేనప్పుడు ఇంకా గట్టిగా మాట్లాడటం ఆ వయసు లక్షణం. "పెడితే అది వాడిష్టం!" అన్నాను.

నాన్న, "ఆదివారం ఆరాధన అయ్యాక మనిద్దర్నీ అయ్యగారు రమ్మన్నారు. ఆలోపు ఆ ఉద్యోగం మానేశానని చెప్పు. అక్కడితో అయిపోద్ది" అన్నాడు. అయ్యగారంటే మా పాస్టరు గారు.

"మానను నాన్నా."

"మీ నాన్న సంఘపెద్ద అని గుర్తుందా?"

"ఉంది. ఆడని పందెం ఆడానని ఒప్పుకుంటే సంఘపెద్ద కూతురు అబద్ధం చెప్పినట్టు కాదా?"

ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ ఎవరితో మాట్లాడలేదు, మా నాయనమ్మ తప్ప. ఆవిడకి చెవులు సరిగ్గా వినపడవు కాబట్టి అందరితోనూ మామూలుగానే మాట్లాడింది.

అక్కడ శనివారం సాయంత్రం ఆట అంటే మనకి ఆదివారం పొద్దున. తెల్లవారుతూనే హాల్లో స్టూలు మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. ఇంక దాచడానికేం లేదు కదా. నాన్న ఎదురు కుర్చీలో బైబిలు పట్టుకుని, ఆ పూట తను చదవాల్సిన వాక్యభాగం చూసుకుంటున్నాడు. చర్చికి ఇంకా చాలా టైముంది గానీ నాయనమ్మ అప్పుడే తెల్లచీర కట్టుకుని, పాటల పుస్తకం సంచిలో పెట్టుకుని, నా పక్కన కూర్చుంది.

"శబ్దం తగ్గించు" అన్నాడు నాన్న. తగ్గించాను. కాసేపటికి, పేజీలోంచి తలెత్తకుండానే, "ఆ ఎర్రచొక్కాల వాళ్ళు ఎవరు?" అన్నాడు. గద్దలన్నాను. ఇంకాసేపటికి, "ఒకేసారి ఏడు ఎందుకొచ్చినయ్?" అన్నాడు. బంతితో గీత దాటితే ఆరు, ఆ తర్వాత తన్నితే ఒకటి అన్నాను. "తన్నుడుకి ఒకటేనా?" "అప్పుడు ఒకటే నాన్నా. గీత దాటకుండా దూరం నుంచి తన్ని రెండు స్తంభాల మధ్య వేస్తే మూడు." ఆయన "ఊఁ" అని, వాక్యంలో గుర్తుగా వేలు పెట్టి, బైబిలు మూశాడు. ఇరవై నాలుగున్నర లెక్క కూడా అప్పుడే చెప్పాను.

ఆట మాత్రం ఘోరంగా సాగింది. గద్దలు వాయించేశాయి. మూడు వంతుల ఆట అయ్యేసరికి ముప్పై ఎనిమిది, ముళ్ళపందులకి పది. నాన్న లెక్కకట్టి, "ఇరవై ఎనిమిది తేడా. నీ ఇరవై నాలుగున్నర దాటిపోయింది" అన్నాడు, అంత సంతోషంగా కాదు. అమ్మ ఉప్మా తెచ్చి నా చేతిలో పెట్టి, "పోనీలే, మాప్‌ల మీద రాస్తే మాత్రం ఏం?" అంది. ఓదార్పుగానే అంది. నాకు మాత్రం ఆ ప్లేటు విసిరేయాలనిపించింది.

సరిగ్గా అప్పుడే "వందనాలు మాస్టారూ" అంటూ సెక్రటరీ అంకుల్ వచ్చాడు. ఆరాధనకి ముందే నాన్నతో ఒక మాట మాట్లాడి, గొడవ పెద్దది కాకుండా చూద్దామని వచ్చాడట. లాప్‌టాప్ చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఇదేనా ఆ పందెం?"

"పందెం కాదంకుల్, ఆట" అన్నాను.

"కూర్చో బాబూ, ముళ్ళపందులు ఆడుతున్నయ్" అంది నాయనమ్మ, ఏదో ఇంటికొచ్చిన చుట్టాల్ని పరిచయం చేస్తున్నట్టు. "చిన్నవని తీసిపారేయకు. విస్సన్నపేటలో మామిడి తోటకి కాపలా ఉన్నప్పుడు, ఇంత కుక్క దాని మీదకి పోయి మూతి నిండా ముళ్ళతో ఏడుస్తా వచ్చింది."

ఆయన మొహమాటంగా కుర్చీ అంచున కూర్చున్నాడు. తెరమీద గద్దల పెద్ద ఆటగాళ్ళు తలమీద హెల్మెట్లు తీసేసి నీళ్ళు తాగుతున్నారు. చిన్నవాళ్ళు దిగారు. ముళ్ళపందులు పరుగెత్తడం మొదలుపెట్టాయి. పడ్డారు, లేచారు, పడ్డారు, లేచారు. గీత దాటారు. ముప్పై ఎనిమిది, పదిహేడు.

"ఇరవై ఒకటి!" అన్నాడు నాన్న. కుర్చీ స్టూలు దగ్గరికి జరిగింది. దాంతోపాటు సెక్రటరీ అంకుల్ కుర్చీ కూడా జరిగింది.

"అంటే ఏంటి మాస్టారూ?"

"ఇట్టాగే అయిపోతే మా అమ్మాయి రాసింది కరెక్టు."

"ఓడిపోతున్నారు కదండీ వాళ్ళు?"

"అదే చెబుతున్నా, ఓడిపోవచ్చు. ఎక్కువ ఓడిపోకూడదు!"

ఆట అయిపోవస్తుండగా బంతి మళ్ళీ గద్దల చేతికొచ్చింది. వాళ్ళకి ఎలాగూ గెలుపు ఖాయం, ఊరికే నిలబడినా ఎవరూ ఏమీ అనరు. కానీ వాళ్ళ చిన్నవాడొకడు, బహుశా ఇంట్లో వాళ్ళమ్మ చూస్తోందేమో, దూరం నుంచి తన్నడానికి సిద్ధమయ్యాడు. బంతి గాల్లోకి లేచి, రెండు స్తంభాల మధ్యలోంచి తిన్నగా వెళ్ళింది. మూడు పాయింట్లు. "అయిపోయిందా?" అంది అమ్మ. "పాపం" అన్నాడు సెక్రటరీ అంకుల్, నోరు జారి. నేనైతే అయిపోయిందనే అనుకున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగి లెక్క తోచలేదు. అంతలో నాన్న కుర్చీలోంచి లేచి, ఎనిమిదో తరగతి చివరి బెంచీ దాకా వినపడే గొంతుతో కేకేశాడు.

"నలభై ఒకటిలోంచి పదిహేడు పోతే ఇరవై నాలుగు! ఇరవై నాలుగున్నర కాదు! అర పాయింటు! అర పాయింటుతో నెగ్గాం!"

నాయనమ్మకి కూడా వినపడింది. ఎందుకో తెలియకపోయినా "దేవునికి స్తోత్రం" అంది. సెక్రటరీ అంకుల్ చప్పట్లు కొట్టి, కొట్టాక తన చేతుల్ని తనే అనుమానంగా చూసుకున్నాడు.

ఆరాధనకి ఆలస్యంగా వెళ్ళాం. నాన్న వాక్యం చదువుతూ ఒకచోట వరస తప్పాడు (ఆయన జీవితంలో అదే మొదటిసారి). అయిపోయాక చర్చి పక్కనున్న గదిలో నేనూ నాన్నా అయ్యగారి ముందు కూర్చున్నాం, సెక్రటరీ అంకుల్ కూడా వచ్చాడు. ఆయన నెమ్మదస్తుడు. "ఏమ్మా, నీ మీద ఒక మాట వినపడుతోంది" అన్నాడు.

రెండు రోజులుగా తయారు చేసుకున్న ఉపన్యాసం ఉంది నా దగ్గర. అందులోంచి గుర్తొచ్చింది ఇంతే. "అయ్యగారూ, నా రాత చదివి ఎవరైనా డబ్బు పోగొట్టుకుంటే నాకు సంబంధం లేదని అనను. అది నేను ఆలోచించుకోవాలి. కానీ నేను పందెం ఆడానన్నది అబద్ధం. ఆ మాట వెనక్కి తీసుకోమనండి. ఉద్యోగం మాత్రం మానను."

నాన్న నన్ను కూర్చోమంటాడనుకున్నాను. ఆయనే లేచి నిలబడ్డాడు. "పొద్దున మా ఇంట్లో కేకలు పెట్టింది అది కాదండీ, నేను. బైబిలు పక్కనపెట్టి పాయింట్లు లెక్కకట్టింది కూడా నేనే. మందలిస్తే నన్ను మందలించండి. మా అమ్మాయి రాసింది మాత్రం కరెక్టు."

సెక్రటరీ అంకుల్ గొంతు సవరించుకున్నాడు. "పైసా పెట్టలేదంటే నమ్ముతానమ్మా. మావాడి సంగతి మనసులో ఉండి తొందరపడ్డాను. ఆ మాట నేనే అందరికీ చెబుతాను."

అయ్యగారు, "అంతా బాగానే ఉంది గానీ మాస్టారూ, ఆ అర పాయింటు ఏంటో నాకు అర్థం కాలేదు" అన్నాడు. నాన్న జేబులోంచి పెన్ను తీశాడు. మధ్యలో తడబడితే, "కాదు మాస్టారూ, ఇరవై అయిదైతే గద్దలది" అని సెక్రటరీ అంకుల్ సరిదిద్దాడు. మధ్యాహ్నం భోజనాలు చల్లారిపోయేదాకా ముగ్గురు పెద్దమనుషులూ ఆ కాగితం మీద వంగే ఉన్నారు. లేచేటప్పుడు అయ్యగారు నాతో, "నాకైతే ఇష్టం లేదమ్మా ఈ పని. అయినా రాసే చెయ్యి నీది. గంపలగూడెం కుర్రాణ్ణి గుర్తుపెట్టుకుని రాయి" అన్నాడు.

ఆ మాట మాత్రం ముల్లులా దిగింది. ఆ తర్వాతి వారం నుంచి ప్రతి వ్యాసం చివరా, "ఇది నా అభిప్రాయం మాత్రమే, దీన్ని నమ్మి డబ్బు పెట్టకండి" అని ఒక వాక్యం రాసేదాన్ని. కంపెనీ వాళ్ళు తీసేసేవారు. నేను మళ్ళీ రాసేదాన్ని. పక్షాల విషయంలో కూడా తగ్గలేదు. నచ్చిన బక్కజట్టునల్లా రాశాను. నిజం చెప్పొద్దూ, తర్వాతవి వరసగా తన్నేశాయి. ఒక జట్టయితే ఏకంగా యాభై తేడాతో ఓడి నా పరువు తీసింది. చివరికి సేఫ్‌సైడ్ సార్ ఫోను చేసి, "పందాల వెబ్‌సైట్లో పందెం కాయొద్దని రాసిన మొదటి మనిషివి నువ్వేనమ్మా" అన్నాడు. ఆ గొంతులో కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ. అన్నట్టే మాప్‌ల మీదకి వేశాడు. అక్కడ నేను ఆ మాప్ తెప్పించుకుని, మా హాలు తుడిచి చూసి, ఇది మూలల్లో తుడవదని ఉన్నదున్నట్టు రాశాను. ఆ నెలతో నా సాఫ్ట్‌వేర్ జీవితం ముగిసింది.

ఇప్పుడు విస్సన్నపేటలో ఒక ఎరువుల డీలరు ఆఫీసులో లెక్కలు చూస్తున్నాను. మంచి ఉద్యోగమే. మొన్న మా ఓనరు గారు అందర్నీ కూర్చోబెట్టి, గోడౌను ఎక్కడికి మార్చాలో అడిగారు. ఆయన చూపించిన స్థలంలో వానాకాలం నీళ్ళు నిలుస్తాయని నాకు తెలుసు. అందరూ బాగుందన్నారు. "మీరేమంటారమ్మా?" అని నా వంతు వచ్చింది. "అందరూ అన్నాక ఇంకేముంది సార్" అనేశాను, ఎంతో మర్యాదగా. అన్నాక ఆ మాట నా చెవులకే వింతగా వినపడింది. సాయంత్రం షేర్ ఆటోలో ఇంటికొస్తూ, ఒకప్పటి ఆ మొండిపిల్ల నా పక్కన ఉండి ఉంటే నన్ను ఎన్ని మాటలనేదో ఊహించుకుని, ఆపుకోలేక పైకే నవ్వేశాను. పక్క సీటులో ఉన్నావిడ సంచి ఒళ్ళోకి తీసుకుని, కొంచెం అటు జరిగి కూర్చుంది.